బరువంతా సాక్షి మీదే: మన కోర్టుల పోటీ విచారణలో బలమెక్కడ, లోపమెక్కడ

ఒంగోలు, నెల్లూరు కోర్టుల్లో మొదటిసారి కేసు నడిపినవాళ్లు బయటికొచ్చాక తరచూ అనే మాట ఒకటుంది: "జడ్జిగారు నన్ను ఒక్క మాటన్నా అడగలేదు." ఏళ్ల తరబడి తిరిగి, ప్లీడరు ఫీజు కట్టి, చివరికి బోనెక్కి చెప్పాల్సింది చెబితే, పైన కూర్చున్న న్యాయమూర్తి టైపిస్టుకు డిక్టేషన్ ఇస్తారే తప్ప "అసలేం జరిగిందయ్యా?" అని అడగరు. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ అలా ఉండదు. అక్కడ పెద్దమనిషే అందర్నీ అడుగుతాడు, గదమాయిస్తాడు, తనకు తెలిసిన పాత సంగతులు కూడా బయటికి తీస్తాడు. కోర్టులో ఆ పని జడ్జిది కాదు. అది నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. మన విచారణ విధానం కట్టుబాటే అది.

దీన్ని న్యాయవాదులు అడ్వర్సేరియల్ విధానం అంటారు. తెలుగులో పోటీ విచారణ అనుకోవచ్చు. రెండు పక్షాలుంటాయి. ఎవరి కథ వాళ్లు చెబుతారు, ఎవరి సాక్షుల్ని వాళ్లు తెచ్చుకుంటారు, అవతలివాళ్ల సాక్షిని ప్రశ్నలతో పరీక్షిస్తారు. న్యాయమూర్తి మధ్యలో కూర్చుని, తన ముందుకొచ్చిన దాన్ని మాత్రమే చూసి తీర్పు చెబుతారు. ఫ్రాన్స్, జర్మనీ వంటి దేశాల్లో పద్ధతి వేరు. అక్కడ న్యాయమూర్తే కేసు ఫైలు ముందుగా చదువుకుని, ఎవర్ని పిలవాలో, ఏం అడగాలో తానే నిర్ణయిస్తారు. ఫ్రాన్స్‌లో పెద్ద నేరాల దర్యాప్తును నడిపేందుకే ప్రత్యేకంగా ఒక న్యాయమూర్తి ఉంటారు.

మనకు మొదటి పద్ధతి ఇంగ్లీషువాళ్లతో వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 రెగ్యులేషన్లతో జిల్లా కోర్టులు మొదలయ్యాయి, 1872లో సాక్ష్య చట్టం వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం, పాత సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాయి. సెక్షన్ల నంబర్లు మారాయి, కొన్ని కొత్త నిబంధనలు చేరాయి. విచారణ ఎముకల గూడు మాత్రం పాతదే: చీఫ్ (సాక్షిని తెచ్చుకున్న పక్షం అడిగే ప్రశ్నలు), క్రాస్ (అవతలి పక్షం అడిగే ఎదురు ప్రశ్నలు), రీ-ఎగ్జామినేషన్ (మొదటి పక్షం మళ్లీ అడిగేవి).

ఈ విధానం మీద కోపం ఎంత ఉన్నా, దాని బలాన్ని ముందు చూడాలి. ఆ బలమంతా క్రాస్‌లో ఉంది.

ఉదాహరణకు నెల్లూరు జిల్లా పడమటి అడవుల వైపు ఒక ఎర్రచందనం కేసు అనుకుందాం. అధికారులు ఒక కూలీని పట్టుకున్నారు. రాత్రి పదకొండు గంటలకు అడవిలో, మధ్యవర్తుల (సాక్షులుగా పిలిచిన బయటివాళ్ల) సమక్షంలో దుంగలు స్వాధీనం చేసుకున్నామని, అక్కడికక్కడే నివేదిక రాశామని ఛార్జిషీటులో ఉంటుంది. కాగితం మీద చూస్తే అంతా సక్రమం. తేదీ, సమయం, ఇద్దరు మధ్యవర్తుల సంతకాలు, దుంగల బరువు, కొలతలు అన్నీ ఉన్నాయి. ఫైలు మాత్రమే చదివే న్యాయమూర్తికి అందులో అనుమానించడానికేమీ కనపడదు. ఇప్పుడు మధ్యవర్తిగా సంతకం పెట్టిన వీఆర్వో బోనెక్కాడు. నిందితుడి తరఫు ప్లీడరు మెల్లగా మొదలుపెడతాడు. ఆ రోజు మీకు ఎవరు ఫోన్ చేశారు? ఏ బండి మీద వెళ్లారు? మీ ఊరి నుంచి అక్కడికి ఎంతసేపు పట్టింది? దుంగల్ని తూచిన కాటా ఎవరు తెచ్చారు? నివేదిక చేత్తో రాశారా, టైపు చేశారా? టైపు చేశామంటే కంప్యూటర్ ఎక్కడిది, ప్రింటరుకు కరెంటు ఎక్కడిది? నాలుగైదు ప్రశ్నలయ్యేసరికి వీఆర్వో గొంతు సర్దుకుని, "సంతకం మటుకు ఆఫీసులో పెట్టాను సార్" అంటాడు. అడవిలో రాశామన్న కథ ఆ ఒక్క వాక్యంతో కూలిపోతుంది.

ఆ ప్రశ్నలు అడగడానికి ఒక మనిషికి అవసరం ఉండాలి. తన కక్షిదారు జైలుకెళ్తాడన్న టెన్షన్ ఉండాలి. రోజుకు పదుల కేసులు పిలిచే న్యాయమూర్తికి, ఎంత నిజాయితీ ఉన్నా, ప్రింటరుకు కరెంటు ఎక్కడిదన్న అనుమానం రాకపోవచ్చు. ఫైలు రాసిన అధికారి కథే న్యాయమూర్తి మనసులో ముందు నాటుకుంటుంది. ముందు నాటుకున్నదాన్ని పీకడం కష్టం. పోటీ విచారణ ఆ ప్రమాదాన్ని గుర్తించి, న్యాయమూర్తిని దర్యాప్తుకు దూరంగా ఉంచింది. ఎవరి పక్షమూ తీసుకోనక్కర్లేని మనిషి ఒకరు గదిలో ఉండాలన్నది దాని ఆలోచన.

న్యాయమూర్తి చేతికే దర్యాప్తు ఇస్తే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో ఊత్రో అనే చిన్న ఊరి కేసు చూపించింది. పిల్లల మీద లైంగిక దాడుల ఆరోపణల్లో ఒక యువ దర్యాప్తు న్యాయమూర్తి ఒక వాంగ్మూలాన్ని నమ్మి, దాని చుట్టూనే కేసు కట్టుకుంటూ పోయారు. 2004, 2005 సంవత్సరాల్లో జరిగిన రెండు విచారణల్లో కలిపి 13 మంది నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటికి వాళ్ల కాపురాలు, పిల్లలు, ఉద్యోగాలు చెల్లాచెదురయ్యాయి. ఇటలీ అయితే 1988లో కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తెచ్చుకుని, న్యాయమూర్తి దర్యాప్తు పద్ధతిని వదిలి పోటీ విచారణ వైపు జరిగింది. అవతలి గట్టు పచ్చగా కనిపించినప్పుడు ఈ రెండు సంగతులూ గుర్తుండాలి.

మన దేశంలో క్రాస్‌కు ఇంకా పెద్ద విలువ ఉంది. పోలీసు స్టేషన్లో ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదని చట్టం 1872లోనే చెప్పింది, కొత్త అధినియం 23వ సెక్షన్‌లో కూడా అదే ఉంది. నిందితుణ్ని తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణ చెబుతోంది. ఎందుకీ అపనమ్మకమో ఏ పల్లెలో అడిగినా చెబుతారు. పోలీసు చేతిలో ఉన్న మనిషి ఏమైనా ఒప్పుకుంటాడు. అందుకే ప్రభుత్వం తన కథను బహిరంగంగా, నిందితుడి ముందు, అతని ప్లీడరు ప్రశ్నలకు నిలబడి నిరూపించుకోవాలి. అంతకంటే మెరుగైన రక్షణ బీదవాడికి ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు.

అయితే ఈ విధానం ఒక షరతు మీద నడుస్తుంది. రెండు పక్షాలూ దాదాపు సమానంగా ఉండాలి. చాలా కేసుల్లో ఆ షరతు దగ్గరే తప్పు జరుగుతోంది.

సివిల్ కేసు తీసుకుందాం, ఎందుకంటే ఈ రెండు జిల్లాల్లో మామూలు కుటుంబాన్ని ఎక్కువగా కోర్టుకు లాగేది ప్రామిసరీ నోటే. టంగుటూరు వైపు ఒక పొగాకు రైతు బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) ఖర్చులకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తీసుకున్నాడనుకుందాం. నోటు రాసిచ్చాడు. మధ్యలో సగం పైగా తీర్చాడు, కొంత చేతికి, కొంత ఫోన్‌పే ద్వారా. నోటు వెనక చెల్లు (ఇంత ముట్టిందన్న రాత) వేయించుకోలేదు. దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు దాటి కాలదోషం పట్టే సమయం ముంచుకొస్తుండగా అప్పిచ్చినాయన మొత్తానికీ దావా వేశాడు.

రైతు చేయగల తప్పులు రెండు. మొదటిది, సమన్లు అందినా "మాట్లాడుకుంటాంలే" అని ఊరుకోవడం. అప్పుడు ఎక్స్‌పార్టీ డిక్రీ (అతను లేకుండానే తీర్పు) అవుతుంది, తర్వాత ఈపీ (తీర్పు అమలు చేయమనే పిటిషన్), ఆ పైన పొలం జప్తు. రెండోది ఇంకా నష్టం. తీరిక లేని ప్లీడరు దగ్గరికి వెళ్తాడు. ఆయన గుమాస్తా అలవాటైన నమూనాలో జవాబు దావా టైపు చేయిస్తాడు: అప్పు తీసుకోలేదు, సంతకం నాది కాదు, నోటు ఫోర్జరీ. రైతు చదవకుండా సంతకం పెడతాడు. ఇక అక్కడితో అతని నిజం అయిపోయింది. సగం తీర్చానన్న సంగతి జవాబు దావాలో లేదు కాబట్టి, ఫోన్‌పే లెక్కలు ఎన్ని చూపినా కోర్టు వాటిని లెక్కలోకి తీసుకోదు. వాదనలో లేని విషయానికి సాక్ష్యం చెల్లదన్నది సివిల్ విచారణకు మూలసూత్రం. సంతకం అతనిదేనని రుజువైతే, డబ్బు ముట్టినట్టే చట్టం భావిస్తుంది. ముట్టలేదని చూపాల్సిన భారం అతని మీదే పడుతుంది.

ఇంకొకటి ఉంది. ఆంధ్ర ప్రాంతంలో రైతుల అప్పులకు వడ్డీ తగ్గించే 1938 నాటి నాలుగో చట్టం ఉంది. దావా వేసేవాళ్ల ప్లీడర్లకు అది బాగా తెలుసు. అందుకే దావాలోనే "ప్రతివాది రైతు కాదు, 1938 చట్టం ప్రయోజనాలకు అర్హుడు కాదు" అని ఒక వాక్యం రాసేస్తారు. నిజంగా రైతైన ప్రతివాది దాన్ని కాదని, తనకు ఆ చట్టం వర్తిస్తుందని చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే పోయింది. జడ్జిగారికి ఎదురుగా పంచె కట్టుకుని, పొగాకు జిగురుతో నల్లబడ్డ చేతులతో నిలబడ్డ మనిషి రైతేనని కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఎవరూ వాదించని విషయాన్ని తానుగా ఎత్తుకోవడం న్యాయమూర్తి పని కాదు. కాలదోషం విషయంలో మాత్రం చట్టమే మినహాయింపు ఇచ్చింది. ప్రతివాది అడగకపోయినా గడువు దాటిన దావాను కోర్టే కొట్టేయాలి. అలాంటి మినహాయింపులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే.

ఈ కేసులో ఓడిపోయింది రైతు కథ కాదు. అతని ప్లీడరు రాసిన కాగితం ఓడింది. పోటీ విచారణలో పెద్ద అన్యాయం ఇదే. నిజం ఎవరి దగ్గరున్నా, దాన్ని సమయానికి, సరైన రూపంలో కోర్టు ముందు పెట్టగలిగినవాడికే ఫలితం దక్కుతుంది. ఆ శక్తిని డబ్బు పెట్టి కొనుక్కోవాలి.

క్రిమినల్ కేసుల్లో అసమానత రెండు వైపులా ఉంటుంది. బీద నిందితుడి ఎదురుగా ప్రభుత్వ యంత్రాంగమంతా నిలబడుతుంది. 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఆ కేసులో శిక్ష పడిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసి, పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. ఇక నిందితుడు కలవాడైతే కథ తిరగబడుతుంది. అతని తరఫున సీనియర్ లాయరు, ఇద్దరు జూనియర్లు, కేసు కాగితాలు కంఠతా వచ్చిన గుమాస్తా ఉంటారు. ప్రభుత్వం తరఫున ఒక్క పి.పి. (పబ్లిక్ ప్రాసిక్యూటర్), ఆ రోజే ఆయనకు ఇంకో నాలుగు కేసులు. సెషన్స్ కోర్టుల్లో పి.పి.లను ప్రభుత్వం ప్యానెల్ నుంచి నియమిస్తుంది. ప్రభుత్వం మారితే వాళ్లూ మారడం మనకు కొత్త కాదు. హత్యకు గురైన మనిషి భార్యకు ఆ కేసులో పక్షమే లేదు, ఆమె ఒక సాక్షి మాత్రమే. సీఆర్పీసీకి 2008లో చేసిన సవరణ తర్వాత బాధితులు తమ న్యాయవాదిని పెట్టుకుని ప్రాసిక్యూషన్‌కు సాయం చేయించుకోవచ్చు, నిందితుణ్ని వదిలేస్తే అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్లెందరు?

ఈ లోపాలన్నిటికంటే ముందు మాట్లాడాల్సింది సాక్షి గురించి. ఇంగ్లండ్‌లో ఈ విధానం పెరిగినప్పుడు జ్యూరీ ముందు, వరసగా కొద్ది రోజుల్లో, జనం జ్ఞాపకాలు తాజాగా ఉండగానే విచారణ ముగిసేది. సాక్షి నోటిమాటే సాక్ష్యం, ఆ మాటను క్రాస్‌లో పరీక్షించడమే సత్యశోధన. మనం ఆ పద్ధతి తెచ్చుకున్నాం, అది నడవడానికి కావాల్సిన వేగం తెచ్చుకోలేదు.

గిద్దలూరు వైపు మెట్టలో గట్టు తగాదా జరిగి ఒకాయన తల పగిలి చనిపోయాడనుకుందాం. పక్క చేలో గేదెల్ని మేపుతున్న కూలీ చూశాడు. పోలీసులు అతని వాంగ్మూలం రాసుకున్నారు, దాని మీద సంతకం తీసుకోకూడదన్నది చట్టమే కాబట్టి తీసుకోలేదు. కేసు సాక్ష్యానికి వచ్చేసరికి ఐదారేళ్లు గడిచాయి. సమన్లు పట్టుకుని కానిస్టేబుల్ వచ్చాడు. కూలీ ఆ రోజు పని మానుకుని బస్సెక్కాడు. మొదటిసారి నిందితుడి ప్లీడరు రాలేదు, వాయిదా. రెండోసారి జడ్జిగారు సెలవు, వాయిదా. మూడోసారి బోనెక్కాడు. చీఫ్ పది నిమిషాల్లో అయింది. క్రాస్ మొదలైంది. కర్ర ఎంత పొడవు? కుడిచేత్తో కొట్టాడా, ఎడమచేత్తోనా? నువ్వు నిలబడ్డ చోటికీ గట్టుకీ ఎన్ని గజాలు? మధ్యలో కంది చేను ఎంత ఎత్తుంది? ఎన్నో దెబ్బకు పడిపోయాడు? పోలీసులతో మూడు దెబ్బలన్నావు, ఇక్కడ రెండంటున్నావు, ఏది నిజం? చివరగా ప్రతి క్రాస్‌లోనూ వచ్చే వాక్యం: నువ్వు ఆ రోజు అక్కడ లేవని, పోలీసులు చెప్పమన్నట్టు అబద్ధం చెబుతున్నావని నేనంటాను. దానికి అతను "నిజం కాదు" అంటాడు. డిపోజిషన్‌లో (కోర్టు రాసుకున్న సాక్ష్యంలో) ఆ రెండు మాటలే మిగులుతాయి.

ఎర్రచందనం కేసులో అబద్ధాన్ని పట్టుకున్నదీ ఇవే ప్రశ్నలు. వ్యత్యాసమల్లా, అక్కడ సంఘటన నిజంగా జరిగిందా లేదా అన్నది తేలింది, ఇక్కడ ఆరేళ్ల నాటి కంది చేను ఎత్తు తేలలేదు. ఆలస్యం వల్ల క్రాస్ పదును తప్పు వైపు తిరుగుతుంది. నిజం చెప్పేవాడి జ్ఞాపకంలోని కంతలు, అబద్ధం చెప్పేవాడి కథలోని కంతలు కాగితం మీద ఒక్కలాగే కనిపిస్తాయి. ఇంకా దారుణం, బాగా బట్టీపట్టి వచ్చిన దొంగసాక్షి తడబడడు.

ఇంకో సంగతి. సాక్షి బోనులో ఎలా నిలబడ్డాడు, ఏ ప్రశ్నకు తల దించుకున్నాడు, ఎప్పుడు నిందితుడి వైపు చూసి ఆగిపోయాడు అనేవి న్యాయమూర్తి కళ్లారా చూస్తారన్న నమ్మకం మీద ఈ విధానం నిలబడింది. మన దగ్గర న్యాయమూర్తులకు కొన్నేళ్లకోసారి బదిలీ తప్పదు. ఒకరు సాక్ష్యం రికార్డు చేస్తారు, తర్వాత వచ్చినవారు ఆ టైపు కాగితాలు చదివి తీర్పు రాస్తారు. చట్టం దానికి ఒప్పుకుంటుంది. అలాంటప్పుడు మనం నడుపుతున్నది పేరుకు నోటి సాక్ష్యం, నిజానికి కాగితం సాక్ష్యం. రెండు విధానాల్లోని చెడూ మనకు దక్కినట్టు.

ఆ కూలీ నిజంగా బోనెక్కి నిజం చెబితే అది కూడా అదృష్టమే. ఐదారేళ్లలో ఊరు ఊరుకోదు. నిందితుడి పొలంలోనే అతను కూలికి వెళ్లాలి. అతని కూతురి పెళ్లికి అప్పు అక్కడే పుట్టాలి. ఎవరో ఒకరు మధ్యవర్తిగా వచ్చి "చచ్చినోడు ఎలాగూ తిరిగిరాడు, నువ్వెందుకు చెడ్డవాడివవ్వాలి" అంటారు. కోర్టులో అతను "నాకేమీ తెలియదు, పోలీసులు నన్ను విచారించలేదు" అంటాడు. పి.పి. లేచి సాక్షి హోస్టైల్ అని ప్రకటించమని కోరి, తన సాక్షినే తాను క్రాస్ చేస్తాడు. ఎదురు తిరిగిన సాక్షి చెప్పినదంతా పనికిరాదని కాదు. మిగతా ఆధారాలతో సరిపోయే భాగాన్ని కోర్టు నమ్మవచ్చని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. కానీ కీలకమైన సాక్షే చేతులెత్తేస్తే మిగతా ఆధారాలెక్కడివి?

ఈ నేల మీదే జరిగిన కారంచేడు కేసును ఈ వెలుగులో చూడాలి. 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. కింది కోర్టు శిక్షలు వేసింది, హైకోర్టు వదిలేసింది. చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ల జైలు విధించింది. మధ్యలో ఇరవై మూడేళ్లు. పక్క జిల్లాలో 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగిన దళితుల ఊచకోతలో బాధితులు ఇంకో మెట్టు ముందుకెళ్లారు. పోరాడి ప్రత్యేక కోర్టును తమ ఊరికే తెప్పించుకున్నారు, తాము నమ్మిన న్యాయవాదినే స్పెషల్ పి.పి.గా వేయించుకున్నారు. రెండు పక్షాలూ సమానంగా నిలబడితే విచారణ ఎలా ఉంటుందో అక్కడ కనిపించింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరు ఎవర్ని ఎక్కడ ఎప్పుడు చంపారో ప్రాసిక్యూషన్ అనుమానానికి తావు లేకుండా నిరూపించలేదన్నది ప్రధానంగా ఆ తీర్పు సారం. పొలాల్లో తరిమి తరిమి చంపుతుంటే పారిపోతున్న మనుషుల నుంచి నిమిషాలు, దూరాలు ఖచ్చితంగా రాబట్టాలనుకోవడం ఎంతవరకు న్యాయం? మూకుమ్మడి దాడి కేసుల్లో పోటీ విచారణ చేతులు బాగా పొట్టి.

కారంచేడు, చుండూరు చెప్పుకుని, ఒంగోలు కోర్టు చెప్పకపోతే తప్పు. 2008 ప్రాంతంలో జాతీయ రహదారి మీద లారీ డ్రైవర్లను, క్లీనర్లను చంపి లారీల్లో సరుకు అమ్ముకున్న ముఠా కేసుల్లో 2021 మేలో ఆ కోర్టు 12 మందికి మరణశిక్ష విధించింది. కేసు గట్టిగా కడితే ఇదే విధానంలో ఎంత పెద్ద ముఠానైనా నిలబెట్టవచ్చు. అయినా పన్నెండేళ్లకు పైగా పట్టింది. మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరిస్తేనే అది అమలుకు వెళ్తుంది. ఎవరూ అప్పీలు చేయకపోయినా పై కోర్టు రికార్డంతా తిరిగి చూడాల్సిందే. చావు బతుకుల దగ్గర మాత్రం చట్టం పోటీ మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేదన్నమాట.

సాక్షి తర్వాత బరువు మోసేది వస్తువులు, కాగితాలు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టు ప్రాంగణంలోనే ఒక కేసుకు సంబంధించిన ఆధారాల సంచి దొంగతనానికి గురైంది. ఆ దర్యాప్తును హైకోర్టు సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది. ఆధారాలు భద్రంగా ఉంచడం ఏ పక్షం పనీ కాదు, కోర్టు యంత్రాంగం పని. పోటీ ఎంత బాగా జరిగినా ఆ పునాది లేకపోతే లాభం లేదు.

ఇప్పుడు న్యాయమూర్తి దగ్గరికి తిరిగి వద్దాం. జడ్జి ఏమీ అడగకూడదని చట్టం ఎక్కడా అనలేదు. అనలేదు సరికదా, దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంది. సాక్ష్య అధినియం 168వ సెక్షన్ ప్రకారం న్యాయమూర్తి ఏ సాక్షినైనా, ఏ దశలోనైనా, ఏ ప్రశ్నైనా అడగవచ్చు. నాగరిక్ సురక్షా సంహిత 348వ సెక్షన్ ప్రకారం ఏ సాక్షినైనా మళ్లీ పిలిపించవచ్చు. న్యాయమైన తీర్పుకు అవసరమైతే పిలిపించి తీరాలి. ఈ అధికారాలు పాత చట్టాల్లో కూడా ఇలాగే ఉండేవి. 1981లో రామ్ చందర్ కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, మన రాయలసీమ బిడ్డ, ఈ సంగతే గట్టిగా చెప్పారు. విచారణను రెండు పక్షాల పోటీగా వదిలేసి తాను అంపైరులా కూర్చునే ధోరణి న్యాయమూర్తుల్లో కనిపిస్తోందని, దానివల్ల నిజం వంకరపోతుందని ఆ తీర్పు హెచ్చరించింది. అదే సమయంలో సాక్షిని బెదిరించేలా, పి.పి. పని తానే చేస్తున్నట్టు న్యాయమూర్తి ప్రశ్నలు వేయడం కూడా తప్పని చెప్పింది. 2004లో బెస్ట్ బేకరీ కేసులో సాక్షులు వరసగా ఎదురు తిరిగితే చూస్తూ కూర్చున్న విచారణను సుప్రీంకోర్టు రద్దుచేసి, గుజరాత్ బయట మహారాష్ట్రలో మళ్లీ జరిపించింది.

మరి కింది కోర్టుల్లో ఈ అధికారం ఎందుకు తక్కువ కనిపిస్తుంది? ఒక కారణం పని భారం. ఫైలు ముందుగా చదివితే తప్ప మంచి ప్రశ్న పుట్టదు, చదవడానికి సమయం లేదు. రెండోది భయం. ఒక పక్షానికి మొగ్గాడన్న మాట పై కోర్టులో వస్తుందేమోనని. మూడోది బార్, అంటే న్యాయవాదుల వర్గం. జడ్జి రెండు ప్రశ్నలెక్కువ అడిగితే అభ్యంతరం చెప్పే సీనియర్లు ప్రతి కోర్టులోనూ ఉంటారు.

ఈ లోపాలు చూసి జస్టిస్ మాలిమత్ కమిటీ 2003లో ఇంకో దారి చెప్పింది. న్యాయమూర్తి సత్యాన్వేషణ బాధ్యత తీసుకోవాలని, నేర నిరూపణకు కావాల్సిన స్థాయిని కొంత తగ్గించాలని. మొదటి సగం ఆలోచించదగ్గదే. రెండో సగం ప్రమాదకరం. ఇబ్రహీంపట్నం కేసు లాంటివి ఇప్పుడున్న కఠినమైన కొలత మీద కూడా జారిపోయాయి. కొలతను తగ్గిస్తే జైళ్లలో నిండేది కలవాళ్లు కాదు. లాయరును పెట్టుకోలేనివాళ్లు.

విధానాన్ని మార్చకుండా, దానిలో మెత్తగా ఉన్న చోట గట్టిపరచడం సాధ్యమేనని పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం చూపించింది. 2012 నాటి ఈ చట్టంలో, బాధిత చిన్నారిని లాయర్లు నేరుగా ప్రశ్నించకూడదు. పి.పి. గానీ, నిందితుడి లాయరు గానీ తమ ప్రశ్నలు న్యాయమూర్తికి ఇస్తారు, న్యాయమూర్తే పిల్లకు అర్థమయ్యేలా అడుగుతారు. దూకుడు ప్రశ్నలకు, వ్యక్తిత్వాన్ని కించపరిచే ప్రశ్నలకు తావివ్వకూడదు. అంటే క్రాస్ పోలేదు. నిందితుడి హక్కు అలాగే ఉంది. భయపెట్టే గొంతు మాత్రమే పోయింది. పిల్లలకు సాధ్యమైంది, బోనులో తొలిసారి నిలబడ్డ అరవయ్యేళ్ల కూలీకి, ఊరంతా చూస్తుండగా సాక్ష్యం చెప్పే వితంతువుకు ఎందుకు సాధ్యం కాదు? 168వ సెక్షన్ చేతిలో ఉన్న న్యాయమూర్తికి దీనికోసం కొత్త చట్టం అక్కర్లేదు.

కొత్త సంహిత కొన్ని చోట్ల సరైన దిక్కు చూపింది. సోదా, స్వాధీనం జరిగేటప్పుడు వీడియో తీయాలి. అడవిలో రాసిన నివేదికా, ఆఫీసులో రాసిందా అన్న ప్రశ్న రేపటి కేసుల్లో వీడియోయే తేలుస్తుంది. ఏడేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి రావాలి. సాక్షి హాజరైన రోజున తగిన కారణం లేకుండా వాయిదా ఇవ్వకూడదని, ఒక పక్షానికి రెండుకు మించి వాయిదాలు వద్దని 346వ సెక్షన్ అంటోంది. సాక్షి వచ్చాక రోజువారీగా విచారణ జరపాలన్నది పాత చట్టంలోనూ ఉంది, అమలే జరగలేదు. కాబట్టి నంబరు మారినంత మాత్రాన సంబరపడనక్కర్లేదు. కోర్టుకొచ్చిన సాక్షిని ఆ రోజే విచారించి పంపడం, అతని బత్తా అతని చేతికి ఆ సాయంత్రమే ఇవ్వడం, ఈ రెండూ జరిగితే హోస్టైల్ అయ్యే కేసుల్లో ఎన్నో నిలబడతాయి.

పక్షాల మధ్య తేడా తగ్గించే దారి కూడా కాగితం మీద ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లోనే న్యాయసేవాధికార సంస్థలున్నాయి. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. 2022 నుంచి నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) తెచ్చిన పథకంలో, బయటి కేసులు పట్టకుండా జీతం మీద పూర్తికాలం డిఫెన్స్ చూసే లాయర్లను జిల్లాల్లో నియమిస్తున్నారు. ఉచిత లాయరంటే పనికిరాని లాయరన్న పేరు పోవాలంటే ఈ పథకాన్ని పి.పి. ఆఫీసుతో సమానంగా నిలబెట్టాలి. జీతంలో, సిబ్బందిలో, కేసు చదువుకునే సమయంలో.

సాక్షుల విషయంలో అందరికంటే తక్కువ తెలిసింది ఇంకొకటుంది. 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటికీ చట్టంతో సమానంగా అమలు చేయమంది. బెదిరింపు ఉన్న సాక్షి ఒక దరఖాస్తు పెట్టుకోవాలి. జిల్లా జడ్జి అధ్యక్షతన ఎస్పీ, ప్రాసిక్యూషన్ అధిపతి ఉండే కమిటీ దాన్ని చూస్తుంది. ఆ ప్రాంత డీఎస్పీ ఐదు పనిదినాల్లో బెదిరింపు ఎంత తీవ్రమో నివేదిక ఇవ్వాలి. ఇంటి దగ్గర కాపలా, ఫోను నంబరు మార్పు, నిందితుడికి ఎదురుపడకుండా సాక్ష్యం చెప్పే ఏర్పాటు, అవసరమైతే కొన్నాళ్లు వేరే చోట బస వరకు అందులో ఉన్నాయి. సమన్లు ఇచ్చేటప్పుడే ఈ పథకం గురించి తెలుగులో రాసిన ఒక కాగితం సాక్షి చేతికివ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. సమన్లు పట్టుకెళ్లే కానిస్టేబులే దాన్ని చదివి వినిపించవచ్చు.